ఎండకు బిల్లు లేదు, రిపేరుకు మనిషి లేడు

తెల్లారి ఏడు గంటలు. గురుబరపల్లి దగ్గర హైవే దిగి మామిడితోటల్లోకి పోయే మట్టిబాట. బాట చివర పాత బావి. బావి గట్టున ఇనుప కాళ్ళ మీద దక్షిణానికి వాలి నిలబడ్డ సోలార్ ప్లేట్లు. పంచె ఎగ్గట్టిన పెద్దాయన ఒకరు బకెట్టులో పాత బనియను ముంచి ఒక్కో ప్లేటునూ పైనుంచి కిందికి తుడుస్తున్నారు. గుడ్డ పిండితే కారే నీళ్ళు గంజిలా తెల్లగా ఉన్నాయి. అది గ్రానైటు దుమ్ము. తమిళనాడులోని ఈ కృష్ణగిరి జిల్లాలో రాయి కోసే క్వారీలకు కొదవ లేదు. గాలి ఎటు తిరిగితే ఆ వైపు ఆకుల మీదా, ఇప్పుడీ అద్దాల మీదా అదే పేరుకుంటుంది.

"వారానికొక తూరి తుడవకుంటే నీళ్ళు సన్నబడతాయి సార్" అన్నారాయన. "ఎండెక్కినాక తుడవకూడదంట. కాలిన అద్దం మీద చన్నీళ్ళు పడితే చెడిపోతాదని బిగించిన పిల్లోడు చెప్పినాడు."

"ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడా?"

"ఫోను చేస్తే వస్తాననే అంటాడు."

ఎనిమిది దాటాక కంట్రోలర్ పెట్టె మీద అంకెలు మెల్లగా పైకి పోసాగాయి. ముందు పైపులో గాలి గురగురలాడింది. తర్వాత వేలి లావు ధార పడింది. తొమ్మిదిన్నరకు అది మణికట్టు లావైంది. నడుమ ఒక మబ్బు అడ్డం వస్తే ధార వంగి, తెగి, ఆగిపోయింది. మబ్బు జరగగానే ఎవరూ బటను నొక్కకుండానే నీళ్ళు మళ్ళీ పడ్డాయి. త్రీఫేజు ఎప్పుడొస్తే అప్పుడే లేచి, టార్చిలైటు పట్టుకుని, గట్ల మీద పాముల్ని చూసుకుంటూ స్టార్టరు దగ్గరికి నడిచిన తరానికి ఇది చిన్న సంగతి కాదు.

గురుబరపల్లి, శూలగిరి, వేపనపల్లి వైపు టీ అంగళ్ళలో ఇప్పుడు సోలార్ ఊసు లేని పూట తక్కువ. కేంద్రం ఇంటి కప్పులకు సబ్సిడీ ఇస్తోంది. ఆంధ్ర సరిహద్దు అవతల కుప్పంలో చుట్టాల ఇళ్ళ మీద ప్లేట్లు లేస్తున్నాయన్న కబురు వచ్చింది. హైవే పక్క సిప్కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల రేకుల మీద ప్యానెళ్ళు బస్సులో పోతుంటేనే కనిపిస్తాయి. "మనమూ పెట్టుకుంటే పోలా?" అని ఒకరంటే, "పెట్టుకునేది సరే, చెడిపోతే ఎవురొస్తారు?" అని ఇంకొకరు అడుగుతున్నారు. ఈ రెండో ప్రశ్న మీదే ఈ కథనం. ప్యానెళ్ళ ధర గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పల్లెలో సోలార్ నిలిచేదీ మూలపడేదీ మాత్రం దాన్ని చూసుకునే మనిషిని బట్టే ఉంటోంది.

వరసలో నిలబడ్డ రైతులు

ఆ పెద్దాయన సోలార్‌కు పోయింది పర్యావరణం మీద ప్రేమతో కాదు, ఈబీ (విద్యుత్ బోర్డు) లైను రాలేదు గనక. తమిళనాడులో సేద్యానికి కరెంటు ఉచితం. 1984లో ఎంజీఆర్ ప్రభుత్వం చిన్న రైతులకు ఇచ్చింది. 1990లో కరుణానిధి ప్రభుత్వం రైతులందరికీ చేసింది. ఉచితమైన చోట వరస ఉంటుంది. 2021లో స్టాలిన్ ప్రభుత్వం లక్ష కొత్త వ్యవసాయ కనెక్షన్లు ఇస్తామని ప్రకటించే నాటికి, దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న రైతులు రాష్ట్రంలో 4 లక్షలకు పైనే ఉన్నారు. తాత దరఖాస్తు పెడితే మనవడి కాలానికి స్తంభం దిగుతుందని ఈ వైపు పరాచికం.

ఆగలేని వాళ్ళకు ‘తత్కాల్’ అని ఒక దారి పెట్టారు. 5 హెచ్‌పీ మోటరుకు రెండున్నర లక్షలు, పది హెచ్‌పీకి మూడు లక్షలు కడితే ముందుగా కనెక్షన్. ఉచిత కరెంటుకు ప్రవేశ రుసుము అన్నమాట. అంత సొమ్ము కట్టగల రైతుకు లైను వస్తుంది, కట్టలేనివాడు డీజిల్ ఇంజను తిప్పుకుంటాడు. ఆ సందులోకే సోలార్ పంపు వచ్చింది. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో పంపు ఖర్చులో కేంద్రం నూటికి 30, రాష్ట్రం కనీసం 30 భరిస్తాయి. మిగిలింది రైతు వాటా.

ఉచిత కరెంటు ఊరికే రాలేదని ఇక్కడి తెలుగువాళ్ళకు గుర్తు చేయాలి. కోయంబత్తూరు వైపు నుంచి వచ్చిన రైతు నాయకుడు నారాయణస్వామి నాయుడు తెలుగు కమ్మ కుటుంబంలో పుట్టినవాడు. మోటరు కరెంటు ధర పెంచారని 1970లో రైతుల్ని కదిలించాడు. 1972లో ఎడ్లబండ్లతో కోయంబత్తూరు వీధుల్ని దిగ్బంధించాడు. కాల్పుల్లో రైతులు చనిపోయారు. ఆయన 1984 చివర్లో కన్నుమూశాడు. చిన్న రైతులకు ఉచిత కరెంటు వచ్చిందీ అదే ఏడు.

> 1902: గనికి వెలుగు, పల్లెకు చీకటి
> వేపనపల్లి దాటి కర్ణాటక సరిహద్దు అవతలికి పోతే కోలారు బంగారు గనులు ఎంతో దూరం లేవు. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి అక్కడికి కరెంటు వచ్చింది. దాదాపు 150 కిలోమీటర్ల లైను, అప్పటికి ప్రపంచంలోని పొడవైన లైన్లలో ఒకటి. బెంగళూరు నగరానికి దీపాలు వచ్చింది 1905లో. చిత్తూరు వైపు నుంచి ఎందరో తెలుగువాళ్ళు ఆ గనుల్లో కూలికి పోయారు. భూమి అడుగున బల్బు వెలుగులో పని చేసి, సెలవుకు ఊరొస్తే ఆముదం దీపం. కరెంటు దగ్గరగా ఉండడం వేరు, గడప దాటి ఇంట్లోకి రావడం వేరు.

ఇంటి కప్పు మీద లెక్క కుదరదు

2024 ఫిబ్రవరిలో ప్రధాని సూర్యఘర్ పథకం వచ్చింది. కోటి ఇళ్ళు లక్ష్యం, 75 వేల కోట్ల ఖర్చు. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా అంతకు మించి అయితే 78 వేలు సబ్సిడీ. మన ఎండకు ఒక కిలోవాటు ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఇంట్లో వాడగా మిగిలింది ఈబీ తీగలోకి పోయి బిల్లులో తగ్గుతుంది. కాగితం మీద బ్రహ్మాండం.

గురుబరపల్లిలో మాత్రం ఇది అంత సులువుగా పారదు. తమిళనాడులో 2016 నుంచి ప్రతి ఇంటికీ రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితం. రెండు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, సర్కారు ఇచ్చిన మిక్సీ, గ్రైండరు ఉన్న ఇంటికి బిల్లు సున్నా, లేదంటే నామమాత్రం. ఆ ఇల్లాలిని ‘సబ్సిడీ పోను చేతి నుంచి ఇంత పెట్టు తల్లీ, బిల్లు ఆదా అవుతుంది’ అంటే ఆమె నవ్వుతుంది. లేని బిల్లును ఎలా ఆదా చేస్తాం? ఏసీలున్న ఇళ్ళకూ హోసూరు అపార్టుమెంట్లకూ ఇది లాభం. అసలు అవసరమున్న పూరింటికి లెక్క కుదరదు. పథకం రాసినవాళ్ళు ఈ ఒక్క ఊళ్ళో రెండు నెలల బిల్లులు తిరగేసి ఉంటే తెలిసేది.

సరిహద్దు అవతల కథ వేరుగా నడుస్తోంది. చంద్రబాబు నాయుడు 2025 జనవరిలో కుప్పం మండలం నడిమూరులో ఇంటింటికీ సోలార్ పథకాన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెడతామంది ఆంధ్ర ప్రభుత్వం. బీసీలకు కేంద్ర సబ్సిడీ మీద అదనంగా ఇస్తామంది. కుప్పంలో ఇంకో విశేషం ఉంది. 1981 నుంచీ అక్కడ కరెంటు చూసేది రెస్కో అనే గ్రామీణ విద్యుత్ సహకార సంఘం. దాని ఆఫీసు కుప్పంలోనే ఉంది. ఫిర్యాదు ఉంటే జనం అక్కడికే పోయి మేజా ముందు నిలబడతారు. సోలార్ విషయంలో నాకు సబ్సిడీ కంటే ఇదే పెద్ద సంగతిగా కనిపిస్తుంది. అడగడానికి ఒక గుమ్మం ఉంది.

పిల్లనిచ్చి పుచ్చుకునే రెండు ఊళ్ళ నడుమ గీత ఒకటే, పథకాలు మాత్రం రెండు రకాలు. "మా వియ్యంకుడికి ఊరికే వచ్చింది, నాకెందుకు రాదు?" అని గురుబరపల్లి పెద్దమనిషి అడిగితే ఈబీ ఆఫీసులో చెప్పేవాళ్ళు లేరు.

పచ్చ ఇళ్ళు, చచ్చిన బ్యాటరీలు

సోలార్ మాట పల్లెకు కొత్తది కాదు. 2011లో జయలలిత ప్రభుత్వం సోలార్ పచ్చ ఇళ్ళ పథకం తెచ్చింది. 300 చదరపు అడుగుల ఇల్లు, లక్షా 80 వేల ఖర్చు, అందులో 30 వేలు సోలార్ దీపాలకు. ఇంటికి ఐదు దీపాలు. ఏడాదికి 60 వేల చొప్పున ఐదేళ్ళలో మూడు లక్షల ఇళ్ళు లక్ష్యం. ఆలోచన గొప్పది. ఇల్లు లేనివాడికి ఇల్లు, దాంతో పాటే దీపం.

అయితే ఇలాంటి ఏర్పాటులో ప్యానెల్ పాతికేళ్ళు బతుకుతుంది, బ్యాటరీ నాలుగైదేళ్ళకే పోతుంది. లెడ్ బ్యాటరీలో ఎప్పటికప్పుడు డిస్టిల్డ్ వాటరు పోయాలి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకూడదు. ఆ సంగతి ఇంటివాళ్ళకు ఒకసారి తాళాలిచ్చేటప్పుడు చెప్పి ఊరుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బ్యాటరీ మార్చాలంటే కొన్ని వేలు. కూలికి పోయే ఇంట్లో ఆ వేలు ఎప్పుడూ వేరే దేనికో అవసరమవుతాయి. పంచాయతీ వీధి దీపాలదీ ఇదే గతి. స్తంభం మీద ప్యానెల్ ఆకాశాన్ని చూస్తూనే ఉంటుంది. కింద పెట్టెలో బ్యాటరీ ఉండదు.

ఇది ఒక్క తమిళనాడు పాపం కాదు. బీహారులో జహానాబాద్ జిల్లా ధర్నై ఊరికి 2014లో గ్రీన్‌పీస్ సంస్థ వంద కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ కట్టింది. మూడు దశాబ్దాలుగా కరెంటు లేని ఊరు అది. దేశమంతా పత్రికలు రాశాయి. మాజీ ముఖ్యమంత్రి అక్కడికి వస్తే జనం ‘మాకు అసలు కరెంటు కావాలి, ఈ నకిలీ కరెంటు వద్దు’ అన్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఆ సోలార్‌తో ఫ్రిజ్ నడవదు, పైగా యూనిట్ ధర ఎక్కువ. కొన్నాళ్ళకే ప్రభుత్వ లైను వచ్చింది. తర్వాత తర్వాత ఆ సోలార్ కేంద్రం పశువుల కొట్టమైంది.

బంగ్లాదేశ్ కథ ఇంకా పెద్దది. 2003 నుంచి ఇడ్‌కాల్ అనే ప్రభుత్వ సంస్థ అప్పు మీద ఇళ్ళకు సోలార్ దీపాలు ఇప్పించింది. 40 లక్షలకు పైగా ఇళ్ళు, ప్రపంచంలో ఎక్కడా అంత జరగలేదు. తీరా సర్కారు తీగలు పల్లెలకు పాకేసరికి అమ్మకాలు పడిపోయాయి. ఆ దీపాలు వృథా అయ్యాయనను. ఒక తరం పిల్లలు వాటి కింద చదువుకున్నారు. కానీ చిన్న దీపం పెద్ద తీగకు పోటీ కాదని ఢాకాలోనూ ధర్నైలోనూ తేలిపోయింది.

మన దేశంలో తీగ గెలిచింది. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లో లైసాంగ్ ఊరికి కరెంటు రావడంతో దేశంలోని గ్రామాలన్నీ విద్యుదీకరణ అయ్యాయని కేంద్రం చెప్పింది. ఊళ్ళో నూటికి పది ఇళ్ళకు వెలుగొస్తే ఊరంతటికీ వచ్చినట్టే లెక్క కట్టారనుకోండి. ఆఫ్రికాలో అలా కాదు. 2022 నాటికి ప్రపంచంలో కరెంటు లేని 68.5 కోట్ల మందిలో 57 కోట్ల మంది సహారా ఎడారికి దిగువన ఉన్న దేశాలవాళ్ళే. అక్కడ తీగ చేరడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. కెన్యాలో ఎం-కోపా లాంటి కంపెనీలు ఫోను ద్వారా రోజువారీ చిల్లర కట్టించుకుని దీపాలు ఇస్తున్నాయి. కట్టకపోతే దీపం దానంతటదే ఆగిపోతుంది. కటువుగా ఉంది కానీ, వసూలు కావాలంటే దీపం వెలగాలి. అందుకని కంపెనీవాడే రిపేరుకు పరిగెత్తుకొస్తాడు.

నెలకు మూడొందలా, రోజుకు పదా?

హోసూరు నుంచి బస్సెక్కితే గంటన్నరలో చేరే బెంగళూరులో 1995లో హరీశ్ హందే, నెవిల్ విలియమ్స్ సెల్కో అనే సోలార్ కంపెనీ మొదలుపెట్టారు. హందే తరచూ చెప్పే ఒక ముచ్చట ఉంది. నెలకు మూడొందలు అంటే వీధి వ్యాపారి ‘అమ్మో’ అంటుంది. రోజుకు పది అంటే సరేనంటుంది. లెక్క ఒకటే, చేతిలో డబ్బు ఆడే తీరు వేరు. సెల్కో గ్రామీణ బ్యాంకుల్ని ఒప్పించి ఆ తీరులో అప్పులు ఇప్పించింది. ఊరికి అందే దూరంలో సర్వీసు సెంటర్లు పెట్టింది. దీపాలు అమ్మే కంపెనీలు చాలా వచ్చాయి, పోయాయి. సెల్కోను నిలబెట్టింది ఈ సర్వీసు సెంటర్లేనని నా లెక్క. హందేకు 2011లో మెగసెసె అవార్డు వచ్చింది.

రాజస్థాన్‌లో తిలోనియా ఊరి బేర్‌ఫుట్ కాలేజీ ఇంకో అడుగు వేసింది. చదువు రాని నడివయసు ఆడవాళ్ళకు, అందులోనూ అమ్మమ్మలకు, ఆరు నెలల్లో సోలార్ సర్క్యూట్లు బిగించడం, బాగు చేయడం నేర్పింది. ఆఫ్రికా నుంచీ వచ్చి నేర్చుకుపోయారు. అమ్మమ్మలే ఎందుకంటే, కుర్రాళ్ళకు సర్టిఫికెట్టు చేతికొస్తే పట్నానికి పోతారు, అమ్మమ్మ ఊళ్ళోనే ఉంటుంది.

ఈ చివరి మాట గురుబరపల్లికి సూటిగా తగులుతుంది. ఇక్కడ ఐటీఐ చదివిన కుర్రాడికి పనికి కొదవ లేదు. హోసూరులో మోటారు కంపెనీలు, పోచంపల్లిలో ఎలక్ట్రిక్ స్కూటర్ల ఫ్యాక్టరీ, కృష్ణగిరి దగ్గర డెల్టా లాంటి పవర్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ. ఉదయాన్నే కంపెనీ బస్సు ఊళ్ళోకే వస్తుంది. కేంద్రం 2015లో ‘సూర్యమిత్ర’ పేరుతో సోలార్ టెక్నీషియన్ల శిక్షణ మొదలుపెట్టింది. నేర్చుకున్నవాడికి పది ఊళ్ళు తిరిగి తోటల్లో కంట్రోలర్లు బాగు చేస్తే వచ్చేదానికంటే కంపెనీ జీతం మెరుగు. కరెంటుకు కావలసిన పెట్టెలు తయారయ్యే జిల్లాలో, పెట్టె చెడిపోతే విప్పేవాడు దొరకడు.

> సంతకం పెట్టే ముందు
> కుసుమ్ కింద పెట్టిన పంపుకు ఐదేళ్ళు నిర్వహణ బాధ్యత బిగించిన కంపెనీదే. ఆ కాగితం అడిగి తీసుకోండి. సర్వీసు నంబరు జిల్లాలోదా, చెన్నైదా చూడండి. పిడుగుపాటుకు అరెస్టరు, ఎర్తింగు పెట్టారో లేదో మీ కళ్ళతో చూడండి. ప్యానెల్ వెనక అంటించిన చీటీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఎండకు అక్షరాలు వెలిసిపోతాయి, వారంటీకి అదే ఆధారం.

ఏనుగు దారిలో తీగ

తీగ గెలిచిందన్నాను కదా, డెంకణికోట వైపు కొండల్లో ఆ మాట చెల్లదు. బెట్టముగిలాళం చుట్టుపక్కల అడవి పల్లెలకు స్తంభాలు వేయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. వేసినా ఏనుగు వీపు గోక్కుంటే ఒరిగిపోవచ్చు. నాలుగు ఇళ్ళ పల్లెకు మైళ్ళ కొద్దీ లైను లాగడం కంటే ప్యానెల్ మేలు.

అదే ఏనుగు కోసం కింది ఊళ్ళలో సోలార్ ఇంకో రూపంలో ఉంది. కర్ణాటక వైపు నుంచి ఏటా ఏనుగుల గుంపులు హోసూరు, శూలగిరి చేల మీదకు వస్తాయి. రాగి, అరటి మిగలవు. రైతులు పెట్టుకునే సోలార్ ఫెన్సింగులో తీగ గుండా సెకనుకొకసారి చిన్న దెబ్బ పారుతుంది. వోల్టేజి ఎక్కువ, అయితే రెప్పపాటు కూడా ఉండదు. పెట్టె పక్కన నిలబడితే టక్, టక్ మని వినిపిస్తుంది. ఏనుగు జడుసుకుని పోతుంది, చావదు. ఈబీ లైను నుంచి నేరుగా తీగ లాగితే చస్తుంది. 2023 మార్చిలో పొరుగున ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర అలాగే మూడు ఏనుగులు చనిపోయాయి. రెండు గున్నలు బతికి తల్లుల పక్కనే తిరిగాయి. తర్వాత రాష్ట్రం కరెంటు కంచెలకు నిబంధనలు తెచ్చింది. సోలార్ కంచెకూ చూసుకునే మనిషి కావాలి. పిచ్చిమొక్క ఎదిగి తీగను తాకితే దెబ్బ భూమిలోకి జారిపోతుంది. ఏనుగు ఆ సంగతి మనకంటే ముందే కనిపెడుతుంది.

నీళ్ళు అడుగంటితే

మళ్ళీ పంపుల దగ్గరికి వద్దాం. కృష్ణగిరిలో బోర్లు వెయ్యి అడుగులు దాటిపోతున్నాయి. అంత లోతు నుంచి లాగడం మామూలు ఐదు, ఏడున్నర హెచ్‌పీ సోలార్ పంపుల వల్ల కాదు. బావులు, తక్కువ లోతు బోర్లు ఉన్న రైతుకే అది పనికొస్తుంది. అంటే ఇప్పటికే కాస్త నీళ్ళున్నవాడికే.

డీజిల్ ఇంజను ఉంటే లీటరు ధర గుర్తొచ్చి రైతు ఆపుతాడు. సోలార్‌కు ఆ జంకు లేదు. మడి నిండినా నీళ్ళు పారుతూనే ఉంటాయి. పక్క చేలో టమాటా వేసినవాడికి గంటకింత అని అమ్ముకునేవాళ్ళూ ఉంటారు. తప్పేమీ కాదు. కానీ బావి మాత్రం పెద్దాయన ఒక్కడిది కాదు, భూమి అడుగున చుట్టుపక్కల అందరిదీ.

దీనికి గుజరాత్‌లోని ఢుండి ఊళ్ళో ఒక ఉపాయం చూశారు. 2016లో ఆరుగురు రైతులు సహకార సంఘంగా కూడి, పంపుకు పోగా మిగిలిన సోలార్ కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మడం మొదలుపెట్టారు. వృథాగా పారిన ప్రతి బకెట్టు నీళ్ళకూ రైతుకు కొంత సొమ్ము నష్టం. నీళ్ళు తోడకపోవడానికి డబ్బు వచ్చినట్టు. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ ఆనంద్ కార్యాలయంవాళ్ళు దీని వెనక ఉన్నారు.

మన తెలుగు సీమ పొలిమేరలోనే ఉన్న పావగడ సోలార్ పార్కుది మరో తీరు. 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. చాలామంది తెలుగు మాట్లాడే రైతులు ఎకరాకు ఏడాదికి 21 వేల కౌలుకు భూములిచ్చారు. వర్షం పడని నేలకు అది మంచి ధరే. భూమి లేని కూలీలకు మాత్రం ఆ చేలల్లో కలుపు లేదు, కోత లేదు.

ఢుండి తీరు గురుబరపల్లికి రావాలంటే తోటకు ఈబీ తీగ ఉండాలి, మీటరు ఉండాలి. ఇక్కడ తీగ ఉన్న రైతుకు కరెంటు ఉచితం గనక సోలార్ అక్కర్లేదు, మీటరు మాట ఎత్తితే ఒప్పుకోడు. సోలార్ ఉన్న రైతుకు తీగ లేదు. పెద్దాయన ఈబీ దరఖాస్తును వెనక్కి తీసుకోలేదు. రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి, కంట్రోలర్ వారంటీ కాగితంతో పాటు ఒకే ట్రంకుపెట్టెలో దాచుకున్నారు.